కామా తర్వాత

ఏడో ప్రశ్న చదివేసరికి భూతద్దం చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది.

ఆమె అసలు పేరు ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. పోటీ పరీక్షల పుస్తకాలు వేసే ఆ సంస్థలో నాలుగేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. ఆమె కళ్లు కప్పి ఒక్క తప్పు కూడా అచ్చుకి పోలేదు. అందుకే ‘భూతద్దం’ అనే ముద్దుపేరు.

ఆ ఉదయం బల్ల మీదకి వచ్చింది ఇంగ్లీషు వాక్యాలు సరిదిద్దే పాఠం. పార్టిసిపుల్ మాడిఫయర్లు. పేరు భయపెట్టినా సూత్రం ఒక్కటే. వాక్యం ఒక పనితో మొదలై కామా పడితే, కామా తర్వాత ఆ పని చేసినవాళ్లే రావాలి. ‘బస్సు కోసం పరుగెడుతూ, నా చెప్పు తెగింది’ అని రాస్తే, పరుగెత్తింది చెప్పు అని అర్థం.

అలాంటివి చదివి ఆమె తనలో తాను నవ్వుకునేది. ఈ ఏడూ నవ్వించలేదు. తెలుగులో చెప్పాలంటే అవి ఇలా ఉన్నాయి.

‘తలుపుకి బయట గడియ పెట్టి, కేకలు వీధిలోకి వినపడలేదు.’

‘ఫోన్ లాక్కుని, చుట్టాలతో మాటలు ఆగిపోయాయి.’

‘మెట్ల మీంచి తోసి, మోకాలి చిప్ప పగిలింది.’

ఏడోది: ‘మంచినీళ్ల గ్లాసు అందకుండా పెట్టి, దాహం మూడు రోజులు సాగింది.’

కాగితాలు పట్టుకుని ఎడిటర్ గదిలోకి వెళ్లింది.

“సార్, ఇవి చూశారా? అన్నీ తప్పులే.”

“సరిదిద్దే ప్రశ్నలు కదమ్మా, తప్పుల్లేకపోతే ఎలా?” అన్నాడాయన కళ్లజోడు తుడుచుకుంటూ.

“అది కాదు సార్. ఈ పనులన్నీ ఎవరు చేస్తున్నారు? ఒక్కదాంట్లోనూ లేదు.”

“అదేగా పిల్లలు కనిపెట్టాల్సింది!”

“రాసినావిడ ఎవరు?”

“కాలేజీలో ఇంగ్లీషు చెప్పి మానేసిన మేడమ్. ఇంట్లోంచే రాస్తుంది. మనిషిని నేనూ చూడలేదు. మొగుడు ఇంట్లో తిరుగుతుంటే పని సాగదని ఒకసారి ఫోన్‌లో వాపోయింది, పాపం.”

భూతద్దానికి ఒళ్లు జలదరించింది. ప్రశ్నలొచ్చిన కవరు మీదున్న అడ్రసు చేతి వెనక రాసుకుని, మధ్యాహ్నం సెలవు పెట్టేసింది.

వీధి చివర రెండంతస్తుల ఇల్లు. కిటికీలన్నీ వేసి ఉన్నాయి. మూడోసారి గంట కొట్టాక తలుపు జానెడు తెరుచుకుంది. నలభై అయిదేళ్ల ఆవిడ. చెంపలు లోపలికి పోయాయి. కళ్ల కింద నలుపు.

“మెల్లగా మాట్లాడండి. ఆయన లోపల పడుకున్నారు.”

“మీ వాక్యాలు చదివాను మేడమ్.”

ఆమె ముఖంలో రంగు మారింది. “చదివి?”

“నాకు అర్థమైంది.”

మేడమ్ భూతద్దం కళ్లలోకి చూసింది. తర్వాత చీర కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. శబ్దం రాకుండా.

భూతద్దం లోపలికి చూసింది. నిటారుగా ఉన్న మెట్లు. వాటి పక్కన పడకగది. తలుపుకి బయటవైపు కొత్తగా బిగించిన గడియ, మరమేకుల మెరుపు కూడా ఇంకా పోలేదు.

“అక్కా, ఇంకేం ఆలోచించకండి. నాతో వచ్చేయండి.”

ఆమె ఒక చిన్న సంచీ సర్దుకుంది. బయల్దేరే ముందు మునివేళ్ల మీద నడిచి వెళ్లి, పడకగది గడియ చప్పుడు కాకుండా వేసింది.

“లేచాడంటే వెంటపడతాడు” అంది.

“మంచి పని చేశారు” అంది భూతద్దం. వీధిలోకొచ్చాక, “నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం” అంది.

“వద్దు తల్లీ. రెండు రోజులు ఆగు. నన్ను కాస్త ధైర్యం తెచ్చుకోనీ.”

భూతద్దం ఇంట్లో ఉండేది తనూ, తల్లీ. తుంటి ఎముక విరిగి నెల రోజులుగా తల్లి మంచం దిగలేదు. పగలంతా ఒంటరిగా గోడలతో మాట్లాడుకునే ఆవిడకి, కొత్త మనిషి రాగానే ప్రాణం లేచొచ్చింది. మేడమ్ తల దువ్వింది, దుప్పటి మార్చింది, కాళ్లకి నూనె రాసింది.

“నీకంటే ఈవిడే నయమే. నా మాటల్లో తప్పులు పట్టదు” అంది తల్లి కూతురితో. ముగ్గురూ నవ్వారు.

పొద్దున భూతద్దం చెప్పులు వేసుకుంటుంటే మేడమ్ గుమ్మం దాకా వచ్చింది.

“అమ్మ దగ్గర నేనున్నాగా. నువ్వు నిశ్చింతగా వెళ్లిరా. తొందరపడి రావొద్దు.”

చాలా రోజుల తర్వాత భూతద్దం గుండె తేలికపడింది. దారిలో కూనిరాగం కూడా తీసింది. పదకొండింటికి ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అమ్మకి ఒళ్లు తుడుస్తోందేమో అనుకుంది. అరగంట ఆగి మళ్లీ చేసింది. ఈసారి మోగనే లేదు.

అంతలో ఎడిటర్ ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“నిన్నటి నీ ప్రశ్నల ఆవిడ పంపిన జవాబులమ్మా. ఇప్పుడే తపాలాలో వచ్చాయి. టిక్కు పెట్టి అచ్చుకి పంపెయ్.”

కవరు చింపింది. ఒక్క కాగితం. ఏడు వాక్యాలు, శుభ్రంగా టైపు చేసి, సరిదిద్ది ఉన్నాయి. ఒక్కొక్కటే చదువుతూ కిందికి వచ్చింది. చివరిది చదివి మళ్లీ మొదటికి వెళ్లింది.

ఏడింటిలోనూ, గడియ పెట్టిందీ, ఫోన్ లాక్కుందీ, మెట్ల మీంచి తోసిందీ, నీళ్లు అందకుండా చేసిందీ ఎవరో చెబుతూ కామా తర్వాత ఒకే ఒక్క మాట ఉంది: ‘నేను’.