నడి చెరువుల ఆగిన ఇంజను

వనజ పడవ ఇంజన్ని వాకిట్ల విప్పి పెట్టుకున్నది. ఇరవై రోజుల కింద నడి చెరువుల ఈ ఇంజను ఆగి, గాలికి పడవ బోల్తాపడి ఆమె పెనిమిటి చచ్చిపోయిండు.

"సిద్దిపేటకు తీస్కపోయి పాతసామాన్లకు అమ్మెయ్ బిడ్డా," అని మామ మైసయ్య రోజూ అంటుండు.

"ఎందుకాగిందో తెల్వాలె మామా. ఆయన తాగి నడిపిండని ఊరంత అంటున్నరు."

ప్లగ్గు మంచిగనే ఉంది. పైపుల చెత్త లేదు. చివరికి పెట్రోలు నిలిచే కార్బరేటర్ గిన్నె విప్పింది. పెట్రోలు అడుగున నీళ్లు.

వనజ చెయ్యి ఆగింది. పడవ బోల్తాపడ్డ పొద్దున డబ్బాల పెట్రోలు తెచ్చి ఇంజన్ల పోసింది మైసయ్యనే. ముందురోజంత వాన పడ్డది. డబ్బాకు మూత లేదు. పక్కకున్న ఆ డబ్బాను వంచి చూస్తే, మిగిలిన పెట్రోలు అడుగున గూడ నీళ్లే.

గడపల కూసున్న మైసయ్య ఆమె చేతుల దిక్కే చూస్తుండు.

వనజ గిన్నెను వంచి, కొంగుతోటి తుడిచింది. "ప్లగ్గు పాడైంది మామా. గీండ్ల ఎవ్వల తప్పు లేదు."

మైసయ్య గడపల నుంచి లేచిండు.

"నీళ్లు కలిసినయని నాకు ఆ దినమే తెల్సు బిడ్డా," అన్నడు. "నా కొడుకు తాగిండని ఊరంత అంటుంటే ఇన్ని దినాలు నోరు మూసుకొని విన్న. పద, ఊరోళ్లకు నేనే చెప్త."