కుదరలేదండి

"మళ్లీ కుదరలేదా?"

సుందరరాజు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఎదురుగా మహాలక్ష్మమ్మ, చంకలో గుడ్డసంచీతో నిలబడి ఉంది. సోమవారం గౌను పట్టుకెళ్లి మంగళవారం తిరిగి తెచ్చింది. మంగళవారం నిక్కరు పట్టుకెళ్లి బుధవారం తెచ్చింది. బుధవారం గళ్ల చొక్కా పట్టుకెళ్లింది. ఇవాళ గురువారం.

"కుదరలేదండి బాబుగారూ. ఇది తీసుకుని ఇంకోటి ఇప్పించండి."

మచిలీపట్నంలో ఆ చర్చి హాలు నిండా బట్టల గుట్టలే. బడులు తెరిచేలోగా చుట్టుపక్కల పేద పిల్లలకు పంచాలని ఊరంతా తిరిగి పోగుచేసిన పాత బట్టలు. పంపకం బాధ్యత సుందరరాజుది. రిటైరైన హెడ్‌క్లర్కు కాబట్టి అన్నీ పద్ధతిగా జరగాలంటాడు. ప్రతి బట్టకూ లోపలివైపు మార్కరుతో తన చేత్తోనే నంబరు వేశాడు. 'కుదరకపోతే మార్చుకోవచ్చు' అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాడు. ఎన్నిసార్లో రాయనందుకు మూడు రోజులుగా తనను తనే తిట్టుకుంటున్నాడు.

"చూడమ్మా, ఎవరైనా ఒకసారి మార్చుకుంటారు. రోజూ మార్చుకుంటారా? ఇదేమన్నా బట్టల షాపా?"

"కాదండి."

"షాపువాడైనా ఈపాటికి షట్టర్ దించుకుని వెళ్లిపోయేవాడు."

పక్కన కూర్చుని చీటీలు రాస్తున్న షీబా నవ్వు ఆపుకుంది. బీఈడీ చదువుతున్న ఆ పిల్ల సెలవుల్లో సాయానికి వస్తోంది.

"పోనీ ఇచ్చేయండి అంకుల్. పాపం మామ్మగారు గిలకలదిండి నుంచి నడిచి వస్తున్నారు."

"నువ్వూరుకో షీబా. ఇవ్వడం ఒక్క నిమిషం. ఈవిడ ఏరుకోవడం అరగంట! మంచివన్నీ పైన పేర్చామా, వాటి వంక చూడదు. అడుగున ఉన్న గుట్టంతా లాగుతుంది. వెలుగుకి పట్టి చూస్తుంది, చంకల్లో వేళ్లు పెట్టి చూస్తుంది. పట్టుచీర కొంటున్నట్టు!"

వరస గుమ్మం దాటి ఎండలోకి పాకింది. వెనక నుంచి ఒకావిడ గొంతు పెంచింది. "మాకూ పనులున్నాయండీ! ఆవిడొక్కదానికేనా?"

"విన్నావా?" అన్నాడు సుందరరాజు. "సరే, ఓ పని చెయ్. రేపు పిల్లాణ్ణి తీసుకురా. నేనే కొలిచి ఇస్తాను. ఇద్దరికీ గొడవ వదిలిపోతుంది."

మహాలక్ష్మమ్మ సంచీని చంకలోకి ఇంకాస్త నొక్కుకుంది.

"ఏం? బడులింకా తెరవలేదుగా. ఇంట్లోనే ఉంటాడుగా?"

"మా ఇంట్లో పిల్లలెవరూ లేరండి."

సుందరరాజు కుర్చీలోంచి లేచాడు.

"పిల్లలు లేరా! మరి గౌనెవరికి? నిక్కరెవరికి?"

ఆమె తల వంచుకుంది. ఈ బట్టల్లో కొన్ని సంతలో అమ్మకానికి కనిపిస్తున్నాయని వాచ్‌మన్ కోటయ్య నిన్న సాయంత్రం అననే అన్నాడు. ఛీ, పిల్లల బట్టలు ఎవరు అమ్ముకుంటారని సుందరరాజు కొట్టిపారేశాడు. ఇప్పుడు ఒళ్లు మండిపోయింది.

"ఇదన్నమాట సంగతి! మేమిచ్చింది అమ్ముకోవడం, ఇంకేదో తెచ్చి మా మొహాన కొట్టడం! ఏదీ, ఆ సంచీ ఇలా తే."

లాక్కున్నంత పని చేసి సంచీ బల్ల మీద బోర్లించాడు. గళ్ల చొక్కా పడింది. ఉతికి, మడతలు నలగకుండా ఇస్త్రీ చేసి ఉంది. సుందరరాజు దాన్ని విదిలించి ఎత్తిపట్టుకున్నాడు.

"చూడండి, అందరూ చూడండి! నిన్న నేనిచ్చిన చొక్కాకి రెండే గుండీలు. మోచెయ్యి దగ్గర జానెడు చిరుగు. వద్దమ్మా, వేరేది తీసుకో అంటే వినలేదు, అదే కావాలంది. దీనికి ఆరుకి ఆరు గుండీలున్నాయి. ఇది మేమిచ్చింది కాదు! మేమిచ్చిందాన్ని ఏం చేశావ్?"

షీబా లేచి వచ్చి చొక్కా అందుకుంది. కాలరు మడత విప్పి చూసింది.

"అంకుల్, నూట పన్నెండు."

"ఏంటి నూట పన్నెండు?"

"నంబరు. మీ చేతిరాతే."

సుందరరాజు కళ్లజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. ఒకటి, ఒకటి, రెండు. నిన్న చీటీ మీద వేసిన నంబరే. షీబా చొక్కా చెయ్యి లోపలికి తిప్పింది. చిరుగు ఉండాల్సిన చోట చీమల బారులా సన్నటి కుట్లు. ఆమె గబగబా వెళ్లి, మంగళవారం తిరిగొచ్చిన గౌనును గుట్టలోంచి లాగింది. ఊడిపోయిన అంచు చుట్టూ అవే కుట్లు, వెనక కొత్త హుక్కులు.

సుందరరాజు చొక్కాను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అంతసేపు పెంచుకున్న కోపాన్ని ఏం చేసుకోవాలో పాలుపోలేదు. చివరికి అది మళ్లీ ఆమె మీదికే పోయింది.

"బాగుచేసి తెస్తున్నావా? అయితే ఆ మాట చెప్పొద్దూ! చిరిగినవి కుట్టిపెడతానని ఒక్క ముక్క అంటే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాణ్ణిగా! మా పక్కన కూర్చోవాల్సినదానివి, ఈ వరసలో నిలబడటం ఎందుకమ్మా? రోజూ ఈ కుదరలేదు, కుదరలేదు ఎందుకు? నా ప్రాణం తీయడానికి కాకపోతే!"

మహాలక్ష్మమ్మ మొదటిసారి తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"ఆ మాట చెబుదామనే సోమవారం వచ్చానండి. నేను నోరు తెరిచేలోపే తమరు నన్ను ఎగాదిగా చూసి, 'తీసుకునేవాళ్లు ఆ వరసలోకి' అన్నారు."