ఊడ్చిన వీధి

"ఎవరు ఊడ్చమన్నారు నిన్ను?"

క్లబ్బు అధ్యక్షుడు అరిచిన అరుపుకి వీధి ఊడ్చే ఆవిడ చేతిలోంచి చీపురు జారి కిందపడింది.

వీధి అద్దంలా ఉంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా కాగితం ముక్క లేదు, ఎండుటాకు లేదు. యువజన సేవా క్లబ్బు ప్రారంభోత్సవానికి ఇంతకంటే ఘోరం ఇంకేముంటుంది? వీధి మొదట్లో బ్యానరు కట్టేశారు. కొత్త చీపుళ్ళు కొని వాటికి రిబ్బన్లు కూడా చుట్టారు. కాసేపట్లో మేయరుగారు వచ్చి, సభ్యులు చెత్త ఊడుస్తుంటే చూసి మురిసిపోయి, అందరికీ బ్యాడ్జీలు పెట్టాలి. తీరా చూస్తే ఊడవడానికి చెత్తేదీ?

"ఈ వీధి ఇవాళ ముట్టుకోవద్దని శానిటరీ ఇన్‌స్పెక్టరు చెప్పలేదా నీకు?"

"చెప్పారు బాబూ."

"మరి?"

"మర్చిపోయాను."

"మర్చిపోయిందట! రోజూ ఇలాగే మర్చిపోయి ఊడ్చేస్తే మేం సేవ ఎవరికి చెయ్యాలి?"

అందరూ నవ్వారు. అధ్యక్షుడు ఏదన్నా నవ్వడం ఆ క్లబ్బులో సభ్యత్వం కిందే లెక్క. అతగాడి నాన్నగారి కంపెనీలో ఉద్యోగాలు బ్యాడ్జి ఉన్నవాళ్ళకే ఇస్తారని అప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు మరి.

కొత్తమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆ అమ్మాయి చేరేది ఇవాళే. ఈ బ్యాడ్జి కోసం ఎవరెవరిని ఎంత బతిమాలుకుందో ఆమెకే తెలుసు.

"శుభ్రంగానే ఉంది కదండీ, పోనీ మొక్కలు నాటుదామా?" అంది మెల్లగా.

"మొక్క పెరిగేదాకా మేయరుగారు నిలబడతారా?" అన్నాడు అధ్యక్షుడు. మళ్ళీ నవ్వులు. "అవునూ, ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురమ్మన్నాం కదా, మీవాళ్ళేరీ?"

"అమ్మకి ఇవాళ డ్యూటీ ఉందండీ."

ఆ అమ్మాయి తల వంచుకుని కొత్త టీషర్టు అంచు సర్దుకుంది. అధ్యక్షుడు వీధి ఊడ్చే ఆవిడ వైపు తిరిగాడు.

"చెత్తంతా వెనక్కి పొయ్యి."

"ఎక్కడ బాబూ?"

"ఎక్కణ్ణుంచి తీశావో అక్కడే!"

"తీసింది మళ్ళీ పొయ్యడమేంటి బాబూ? ఎవరైనా చూస్తే నా పని ఊడుతుంది. ఇల్లు గడిచేది దీంతోనే."

"మేమింతమందిమి ఉన్నాం కదా! నిన్ను ఎవరు ఏమంటారు?"

ఆవిడ చెత్తబండి వెనక్కి తోసుకొచ్చింది. అధ్యక్షుడు దగ్గరుండి పోయించాడు. ఇక్కడ పల్చగా ఉంది, అక్కడ ఇంకాస్త వెయ్యి, ఆ కుళ్ళిన తొక్కలు ఫొటోలో బాగా పడతాయి, ముందుకి తే. ఆవిడ పోసే ముందు బండిలో చెయ్యిపెట్టి గాజుపెంకులు ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టింది.

"అవెందుకు ఏరడం? తొందరగా కానీ!"

"పిల్లల చేతులకి గుచ్చుకుంటాయి బాబూ."

ఆవిడ ఏరడం పూర్తికాకముందే మేయరుగారి కారు వచ్చి ఆగింది. మేయరుగారు దిగుతూనే తొక్క మీద కాలేశారు. పక్కనున్న ఇన్‌స్పెక్టరు పట్టుకోబట్టి పరువు దక్కింది.

"ఇది వీధా, పెంటకుప్పా? ఎవరిక్కడ ఊడ్చేది?"

ఇన్‌స్పెక్టరు బండి పక్కనున్న ఆవిడని చూపించాడు. ఆవిడ అధ్యక్షుడి వైపు చూసింది. అధ్యక్షుడు ఫొటోగ్రాఫర్ వైపు చూశాడు.

"రోజూ ఇదే తంతు సార్," అన్నాడు, గొంతులో ఎక్కడలేని బాధ తెచ్చిపెట్టుకుని. "ఇది చూడలేకే మేం క్లబ్బు పెట్టుకున్నాం."

"శభాష్! ఇలాంటి మనిషి పనిలో ఉండటానికి వీల్లేదు. క్లబ్బు తరఫున మీరంతా ఒక్క మాట మీద ఉంటే ఇప్పుడే తీసేయిస్తాను. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఒకడు ఆకాశంలోకి చూశాడు. ఇంకొకడు తను కట్టిన బ్యానరే తను చదువుకున్నాడు. ఎంత లేదన్నా కుర్రాళ్ళు, కాస్త సిగ్గు మిగిలుంది. అధ్యక్షుడు కొత్తమ్మాయి పక్కకి జరిగి పళ్ళ బిగువున అడిగాడు.

"బ్యాడ్జి కావాలా, వద్దా?"

అందరికంటే ముందు లేచింది కొత్తమ్మాయి చెయ్యే. అది చూసి మిగతా చేతులన్నీ లేచాయి. మేయరుగారు ముచ్చటపడిపోయి మొదటి బ్యాడ్జి ఆ అమ్మాయికే పెట్టారు. సిగ్గుతో చచ్చిపోవాల్సిన చోట చప్పట్లు మోగాయి.

ఫొటోగ్రాఫర్ సరే అనేదాకా చీపుళ్ళు కదిలాయి. ఆ తర్వాత సభ్యులందరూ చీపుళ్ళు గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, కాఫీ తాగడానికి ఎదురుగా ఉన్న హాల్లోకి వెళ్ళిపోయారు. చెత్త ఎక్కడిదక్కడే ఉంది.

దాన్ని ఆవిడే మళ్ళీ ఊడ్చింది. బండి నింపి, యూనిఫాం కోటు విప్పి, దులిపి, మడతపెట్టి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది. పొద్దున్నుంచీ ఏం జరిగిందో అప్పటికే ఆయన చెవిన పడింది. ఆవిడ పని ఎలాంటిదో ఆయనకి తెలుసు.

"వాళ్ళే పోయించారని మేయరుగారితో ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా? అసలు ఈ వీధి జోలికి రావద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానే! నువ్వు మర్చిపోయే మనిషివి కాదు. తెల్లారకుండా వచ్చి మరీ ఎందుకు ఊడ్చావు?"

హాల్లోంచి నవ్వులు వినబడుతున్నాయి. ఆవిడ అటే చూస్తూ అంది:

"మా అమ్మాయి ఇవాళే ఆ క్లబ్బులో చేరుతోందయ్యా. దాని చేతికి చీపురు రాకూడదనీ..."