ఆర్విల్ సంతకం

ఆర్విల్ మా ఇంటి ముందు కారు ఆపగానే లేచి తలుపు గొళ్లెం పెట్టాను. మా అయోవా ఊళ్లో ఇనుప సామాన్ల కొట్టు అతనిదే. ఏ ఇంటి కుర్రాణ్ణి వియత్నాం పంపాలో తేల్చే బోర్డుకు పెద్దా అతనే. పోయిన నెల నలుగురిని పంపమన్న ప్రభుత్వం ఈ నెల పదకొండు మందిని అడిగింది. మా అబ్బాయి డీన్‌కు పందొమ్మిదేళ్లు.

"మావాడి కోసమా?" అన్నాను, తలుపు గొళ్లెం తీయకుండానే.

"కాదమ్మా హెజల్. నువ్వు ఇంటింటికీ తిప్పుతున్న ఆ కాగితం ఇలా ఇవ్వు."

యుద్ధం ఆపమని రాసిన అర్జీ అది. అక్టోబరులో అదే కాగితంతో వెళ్తే, "ఆ శత్రువుల హనోయ్‌కే పోయి అడుక్కో!" అని కొట్లోంచి గెంటేసిన పెద్దమనిషి ఇతనే.

"రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాంగా. తప్పుడు యుద్ధమమ్మా ఇది. ఇప్పుడు ఊరంతా అదే మాట," అంటూ సంతకం చేసి, కింద తేదీ వేశాడు. నేను ఏడుస్తూ అతని చేతులు పట్టుకున్నాను. కాఫీ ఇస్తే తాగి వెళ్లాడు.

గురువారం డీన్‌కు ఉత్తరం వచ్చింది, సైన్యంలో చేరడానికి బస్సెక్కమని. అడుగున ఆర్విల్ సంతకం.

అర్జీ తెచ్చి పక్కన పెట్టాను. రెండింటి మీదా తేదీ ఒకటే.