టార్చి వెలుతురులో ఉత్తరం

"పది రోజుల్లో రెండుసార్లు పడిందంటే దీనికి కాళ్లైనా వచ్చి ఉండాలి, మీ ఇంట్లో బల్లకి వాలైనా ఉండాలి," అన్నాడు మెకానిక్, లాప్‌టాప్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతూ.

ఆవిడ నవ్వలేదు. మెట్లు దిగుతుంటే చెయ్యి జారిందని చెప్పింది. సాయంత్రం వచ్చి తీసుకెళ్లమంటే, ఎంతసేపైనా ఇక్కడే ఉంటానని స్టూలు లాక్కుని కూర్చుంది.

లోపల స్క్రూ ఒకటి దొర్లుతున్న చప్పుడు వినిపించింది. ఎడమ మూల నొక్కుకుపోయింది. మూతని పట్టి ఉంచే హింజి ఒకటి వదులైంది. అద్దం పగల్లేదు, అదే పదివేలు అన్నాడతను. బటన్ నొక్కితే నిద్రలో ఉన్న మిషను మేలుకుంది, ఫ్యాను తిరిగింది. తెర మాత్రం చీకటిగానే ఉండిపోయింది. ప్రాణానికేం ఢోకా లేదు, చూపు పోయిందంతే అని ఆవిడకి ధైర్యం చెప్పాడు.

ఇలాంటప్పుడు అతను చేసే పని ఒకటుంది. గదిలో లైటు ఆర్పి, నల్లటి తెర మీద టార్చి వేసి చూస్తాడు. తెర వెనక దీపం ఒక్కటే ఆరిపోయి ఉంటే బొమ్మ అక్కడే ఉంటుంది, నీళ్ల అడుగున ఉన్నట్టు మసగ్గా. తలుపు దగ్గరకి వేసి లైటు ఆర్పాడు. టార్చి వేశాడు. అక్షరాలు కనబడ్డాయి.

మూత వేసేటప్పుడు తెరిచి ఉన్న పేజీ అది. ఇంకొకరి రాతలు చదవకూడదని అతనికో నియమం. కానీ టార్చి పడిన మేరకే ఒక్కో వాక్యం తేలుతుంటే కళ్లు తిప్పుకోవడం ఎవరి తరం?

"తల్లీ, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడు నెలలు. అక్కడ ఎలా ఉన్నావు? ఒంట్లో నొప్పులు తగ్గాయా?"

టార్చి కిందికి జరిపాడు.

"ఇప్పుడు బాగానే ఉన్నాను. ఏ ఇబ్బందీ లేదు."

అతని ఒళ్లు జలదరించింది. ఆరిపోయిన తెర మీద, ఆ చీకట్లో, పోయిన పిల్ల జవాబు చెబుతోంది. మరుక్షణం అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. ఆ మాటలు తనవి.

కీబోర్డు మార్చాక మిగతా మెకానిక్‌లు చేతికొచ్చిన అక్షరాలు టకటకా కొట్టి చూస్తారు. ఇతను మాత్రం, ఏ పేజీ తెరిచి ఉంటే ఆ పేజీలో, ఎప్పుడూ ఆ రెండు ముక్కలే కొడతాడు. జబ్బు నయమైందని రోగి నోటితోనే చెప్పించాలని అతని సరదా. ఆ తర్వాత చెరిపేస్తాడు. పది రోజుల కింద ఇది మొదటిసారి పడి వచ్చినప్పుడు, కీబోర్డు మార్చి అలాగే కొట్టాడు. ఇంతలో ఇంకెవరో వచ్చి పిలిస్తే మూత వేసేశాడు. చెరపలేదు. పైన ఏం రాసి ఉందో అసలు చూడనే లేదు.

దాని కింద ఆవిడ మళ్లీ రాసింది. చాలా రాసింది. అతను వద్దనుకుంటూనే చివరిదాకా టార్చి జరిపాడు.

"మామూలు జ్వరమే అనుకున్నాను తల్లీ. ఆస్పత్రికి ఒక్కరోజు ఆలస్యం చేశాను. నా మీద కోపంగా ఉందా?"

ఆ కింద ఖాళీ.

లైటు వేశాడు. ఆవిడ అతని ముఖంలోకే చూస్తోంది. నిజం చెబితే ఆవిడ కూతుర్ని రెండోసారి చంపినట్టు. చెప్పకపోతే పోయినవాళ్ల పేరున దొంగ సంతకం పెట్టినట్టు. అతనికి ఏడుపొచ్చింది. ఏడవలేక స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

తెర వెనక దీపానికి కరెంటు అందించే తీగ, పడ్డ అదురుకి ఊడొచ్చింది. దాన్ని సరిగ్గా కూర్చోబెట్టి టేపు అంటించాడు. హింజి బిగించాడు. పావుగంట పనికి గంట పట్టించాడు. చివరికి తెర తెల్లగా వెలిగింది.

ఆవిడ దాన్ని గబుక్కున తన వైపు తిప్పుకుంది. చూపు తిన్నగా పేజీ అడుక్కి వెళ్లింది. అక్కడ కొత్తగా ఏమీ లేదు. ఆవిడ ముఖం వాడిపోయింది. లాప్‌టాప్‌ను మళ్లీ అతని ముందుకు తోసింది.

"కీబోర్డు కూడా ఒకసారి చూడండి అన్నయ్యా."

"దానికేం కాలేదమ్మా. మొన్న వేసిన కొత్తదే కదా."

"అయినా చూడండి."

అతను మీటల మీద వేళ్లు పెట్టాడు. ఆవిడ ప్రశ్న కింద కర్సర్ ఆరుతూ వెలుగుతూ ఉంది. ఏం కొట్టాలన్నా చేతులు రాలేదు. ఇక దాచడం తన వల్ల కాదనిపించింది.

"నన్ను క్షమించండమ్మా. ఆ జవాబు మీ అమ్మాయిది కాదు. కీబోర్డు పరీక్షకని నేనే కొట్టాను. చెరపడం మరిచిపోయాను."

తిడుతుందనుకున్నాడు. కుప్పకూలుతుందేమోనని భయపడ్డాడు కూడా. ఆవిడ అరచేత్తో కళ్లు తుడుచుకుని, లాప్‌టాప్‌ను అతనికి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"తెలుసు అన్నయ్యా. పోయేనాటికి దానికి మూడేళ్లు, అక్షరాలెక్కడ వచ్చు దానికి? మీరైతే మళ్లీ రాస్తారేమోనని, ఈసారి నేనే కింద పడేసి తెచ్చాను."