నీలం రంగు కన్నం

“హలో! లాల్ బత్తీ బుఝ్ నహీ రహీ హై! మధ్యాన్నం నించీ నెట్టు లేదు, ఎర్ర లైటే! ఏటి చేత్తన్నారు మీరంతా అక్కడ?”

కోపం వస్తే నూకరాజు హిందీ సగంలోనే తెలుగులోకి దిగిపోతుంది. ఫోన్లో అవతల ఆడగొంతు పలికింది.

“అయ్యో, తెలుగోరా మీరు?”

“సెక్టర్ ఆరు. స్టీలు ప్లాంటులో ముప్పైమూడేళ్లు చేసి మొన్నే రిటైరయ్యాను. మీ కేబుల్ నెట్టు...”

“అది కాదండీ, ఇది...”

“కాదనకండమ్మా! మా అమ్మాయి నర్సింగు ఫారం ఐదింటికల్లా వెళ్లాలి. ఇయ్యాలే ఆఖరు రోజు.”

పక్కనే కూతురు ఛాయ కంప్యూటర్ ముందు పళ్లు నూరుతోంది. పొద్దున్నే దుర్గ్ వెళ్లి సైబర్ కేఫ్‌లో ఫారం నింపేస్తానంది. “బ్లాస్ట్ ఫర్నేస్ నడిపినోణ్ణి, ఇంట్లో డబ్బా నడపలేనేటి?” అని ఆపింది తండ్రే. కొత్త రౌటర్ కొనుక్కొచ్చి తనే బిగించాడు. అప్పటిదాకా బాగా వచ్చిన నెట్ ఆ తర్వాతే పోయింది. ఇప్పుడు టైము నాలుగుంబావు.

“నాన్నా, ఉన్‌సే పూఛో నా, ఏం చెయ్యాలో అడుగు!” ఛాయ గొంతు వణికింది.

అది ఫోన్లోకీ వెళ్లినట్టుంది. అవతలి గొంతు మెత్తబడింది. “ఆ పిల్లని ఏడవొద్దనండి. ముందు మీకాడ ఏటేటి ఉన్నాయో సెప్పండి.”

గోడలోంచి వచ్చిన తీగ చిన్న పెట్టెలోకి, పెట్టెలోంచి రౌటర్‌లోకి, రౌటర్‌లోంచి కంప్యూటర్‌లోకి వెళ్లిందని నూకరాజు వర్ణించి చెప్పాడు. అవతల ఈల వినిపించింది. ఆఫీసులో ఏదో మెషీన్ అనుకున్నాడు.

“అన్నీ ఆపేయండి. తీగలు కూడా పీకేయండి. నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకండి,” అని ఆమె ఎటో వెళ్లింది.

నాలుగు నిమిషాలైంది. ఛాయ గోడ గడియారం వంక, తండ్రి వంక మార్చి మార్చి చూసింది.

“పద్ధతైన మనిషి. డబ్బా వేడి తగ్గనిత్తంది,” అన్నాడు నూకరాజు.

ఆమె తిరిగొచ్చి, “ఆ డబ్బాకి కన్నాలెన్ని?” అంది.

“ఐదు. నాలుగు పసుపు. నీలం రంగుది ఒకటి, ఎడంగా ఉంది.”

“ఆ నీలం దాంట్లో ఏటి పెట్టారు?”

“ఏటీ లేదు. తీగలన్నీ పసుపు వాటిల్లోనే పెట్టేను. పక్కపక్కనుంటే చూడ్డానికి బాగుంటాదని.”

“వేరే రంగేసి ఎడంగా పెట్టారంటే వేరే పనికే గదండీ? పెట్టెలోంచొచ్చిన తీగ అందులో పెట్టి సూడండి. ముందు గోడ కాడి పెట్టె ఎయ్యండి. అది కుదురుకున్నాక ఈ డబ్బా.”

నూకరాజు అలాగే చేశాడు. ఎర్ర లైటు టపటపా కొట్టుకుంది. ఆరిపోయింది. పచ్చ లైటు వెలిగింది.

“ఆ గయా! నెట్టొచ్చింది!” అని అరిచింది ఛాయ. ఆమె వేళ్లు టకటకమన్నాయి. ఆమె ఫారం నింపుతున్నంతసేపూ అవతలి మనిషి ఫోన్ పెట్టేయలేదు. నాలుగూ నలభై ఎనిమిదికి ఫారం వెళ్లింది.

“ఎల్లిందా?”

“ఎల్లిందమ్మా!”

“స్తోత్రం,” అందామె.

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. మధ్యాహ్నం నుంచీ మొహమెత్తి కూతుర్ని చూడలేకపోయిన మనిషి ఇప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “మీ పేరు సెప్పండమ్మా. మీ పై ఆఫీసరుకి మంచి లెటర్ రాత్తాను.”

“డైసీ అండి. మా పై ఆఫీసరు ఇంకా నిద్దర్లోనే ఉన్నారు,” అని నవ్వి ఆమె ఫోన్ పెట్టేసింది.

“విన్నావా? పైవాళ్లు పడుకుంటే నెట్టెలా వత్తాది?” అన్నాడు నూకరాజు కూతురితో.

అవతల, అదే ఊళ్లో కోహ్కా పేటలో, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న డైసీ మొగుడు సామ్యూల్ ఒక కన్ను తెరిచాడు.

“అరగంట నించీ ఫోన్లో ఎవరే?”

“రాంగ్ నంబర్లే గానీ, రౌటరంటే ఏటండీ?” అంది డైసీ, కుక్కర్ మూత తీస్తూ.