రోడ్డు ఎలా ఉందమ్మా?

"ఆ నంబర్ నుంచి ఫోన్ వస్తే ఇక ఎత్తకు!" అన్నాడు సూపర్‌వైజర్, గదిలోకి వస్తూనే.

ఘాట్ రోడ్డు సమాచార కేంద్రంలో ఫోన్ ముందు కూర్చున్న ఆపరేటర్ తలెత్తి చూసింది. ఏ నంబరో అడగాల్సిన పని లేదు. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ ఒక పెద్దావిడ రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తోంది. "రోడ్డు ఎలా ఉందమ్మా?" అని అడుగుతుంది. పైన మలుపుల్లో మంచు గడ్డకట్టిందనో, అది కరగడానికి ఉప్పు చల్లారనో, మెల్లగా వెళ్లొచ్చనో ఆపరేటర్ చెబుతుంది. "సరే తల్లీ, చల్లగా ఉండు" అని ఆవిడ పెట్టేస్తుంది. ఈ చలిలో ఇంకా చల్లగా ఉండటమేమిటని ఆపరేటర్ రోజూ నవ్వుకుంటుంది.

"పాపం, పెద్దావిడ సార్. అర నిమిషం కూడా మాట్లాడరు."

"ఆ అర నిమిషంలోనే పైన ఎవడి బండో జారి, వాడికి లైను దొరక్కపోతే? నిన్న బస్సు డ్రైవర్ వచ్చి నా మీద ఇంతెత్తున లేచాడు, ఎప్పుడు చేసినా ఎంగేజేనట. రేపు ఏదైనా అయితే నువ్వు చెబుతావా జవాబు?"

హీటర్ దగ్గర చేతులు కాచుకుంటున్న ఉప్పు లారీ డ్రైవర్ నవ్వాడు. "ఆవిడ పొద్దున పుట్టింటికి, సాయంత్రం అత్తింటికి తిరుగుతోందేమో సార్. నా లారీ కూడా అంత తిరగదు."

ఆపరేటర్‌కి కూడా నవ్వొచ్చింది. అంతలోనే ఫోన్ మోగింది.

అదే నంబర్.

అలవాటుగా ముందుకెళ్లిన చెయ్యి సూపర్‌వైజర్ చూపుకి వెనక్కొచ్చింది. ఫోన్ మోగి మోగి ఆగింది. వెంటనే మళ్లీ మోగింది. కిటికీ బయట మంచు పడుతోంది. లైట్లు వేసుకున్న కార్లు ఒకదాని వెనక ఒకటి ఘాట్ ఎక్కుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ కూర్చుంది. ఈ ఏడే ఆ ఉద్యోగంలో చేరిన ఆమెకి, మోగుతున్న ఫోన్‌ని అలా వదిలేయడం ఇదే మొదటిసారి.

ఆగింది. మళ్లీ మోగింది.

"ఎత్తి ఒక మాట అనెయ్యమ్మా, చెవులు చిల్లులు పడుతున్నాయి" అన్నాడు లారీ డ్రైవర్. ఈసారి అతను నవ్వలేదు.

సూపర్‌వైజర్ విసురుగా వచ్చి స్పీకర్ నొక్కాడు. "మాట్లాడు. ఇక చెయ్యొద్దని గట్టిగా చెప్పు."

"హలో..."

అవతల ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

ఆపరేటర్ కుర్చీలోంచి లేచిపోయింది. "అమ్మా! ఏమైందమ్మా? బండి జారిందా? ఏ మలుపు దగ్గరున్నారు?"

"ఎత్తావా తల్లీ..." ఆవిడకి ఊపిరి అందడం లేదు. "లేదు, లేదు. నాకేం కాలేదు. ఇంట్లోనే ఉన్నాను."

ఆపరేటర్‌కి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏంటమ్మా ఇది! పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. రోజూ చేస్తారు, ఇంతకీ మీరు వెళ్లేది ఎక్కడికి?"

"నేనెక్కడికి వెళ్తానమ్మా? గుమ్మం దాటి నెలలైంది."

సూపర్‌వైజర్ ఫోన్ మీదకి వంగాడు. "చూడండమ్మా, ఇది ప్రయాణాలు చేసేవాళ్ల కోసం పెట్టిన ఫోన్. ఎక్కడికీ వెళ్లనప్పుడు రోడ్డు ఎలా ఉంటే మీకెందుకు?"

 ఆవిడ గొంతు, తప్పు చేసి దొరికిపోయినట్టు సన్నగా వచ్చింది.

"రోడ్డు కోసం కాదు బాబూ. మీరు ఎత్తుతున్నారో లేదో చూద్దామని చేస్తాను. పోయిన చలికాలంలో మా అబ్బాయి మీ రోడ్డు మీదే పోయాడు. ఆ పొద్దున బయల్దేరుతుంటే, ముందు వాళ్లకి ఫోన్ చేసి కనుక్కుని వెళ్లరా అన్నాను. నా మాట కాదనలేదు. నా ఎదురుగానే చేశాడు, మళ్లీ చేశాడు. 'ఎవరూ ఎత్తట్లేదమ్మా, అంటే రోడ్డు బాగానే ఉన్నట్టులే' అని వెళ్లాడు."